సైకిలు దిగాల్సిన బాట

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన కొత్తలో, మౌలాలి బడిలో టీచరుగా ఉన్న మా అక్క నుంచి కబురు లేక గుంటూరు నుంచి సికింద్రాబాదు వచ్చాను. స్టేషను దగ్గర సైకిలు అద్దెకు తీసుకుని ఆగకుండా తొక్కాను. మెట్టుగూడ దాటాక, రైలింజన్ల బూడిద పరిచి చదును చేసిన సన్నని బాట వచ్చింది. ఇంకా జోరు పెంచాను.

బాట పక్క ఇంటి గుమ్మంలో బట్టలు కుడుతున్న ముసలి సాయిబు చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ రోజుల్లో ఎవరు ఆపినా భయమే.

“జెర దిగి నడువు బిడ్డా. ఇండ్ల ముంగట ఎవ్వరైనా సైకిల్ దిగుడే.”

“తొందరలో ఉన్నానండీ, దారి వదలండి.”

“గీ బాట మేమందరం కల్సి ఏసుకున్నం. నడిచేటోళ్లే ముందు. ఎవలింటికి?”

దిగకుండానే అక్క సంగతి చెప్పాను.

“టీచరమ్మ తమ్ముడివా? గింత పరేషాన్ ఎందుకు? పొద్దుగాల గీ బాటెంబడే నడిచిపోయింది. నా మనుమరాలి జరం ఎట్లున్నదని సుత అడిగింది. మీ అక్క మంచిగనే ఉన్నది.”

సైకిలు దిగాను. ఆ తర్వాత ప్రతి గుమ్మం ముందూ నేనే ఆగి అక్క గురించి అడిగాను. ఆయన మీద నమ్మకం లేక కాదు, ఆ మాట మళ్లీ మళ్లీ వినాలని.