లూడెల్ నవ్వు

శనివారం ఉదయం ఏడున్నరకే వెర్లీన్ టబ్స్ తన బ్యూటీ షాపులో, ఉంగరాల జుట్టు సాపు చేసే ఇత్తడి దువ్వెనను కాగడానికి చిన్న పొయ్యి మీద పెట్టింది. ఎనిమిదింటికి మిస్ క్లియోథా వస్తుంది. వచ్చి, కుర్చీలో కూర్చోకముందే ఒక అంకె చెబుతుంది.

"నూట అరవై నాలుగు," అంది క్లియోథా, తలుపు ఇంకా మూయకుండానే.

"కిందికి జారిందా?"

"ఎండలు కదే. ఎండాకాలం దానికెప్పుడూ నీరసమే. కాస్త చలి పడనీ, అదే లేచి కూర్చుంటుంది."

దక్షిణ మెంఫిస్‌లో ఆ అంకెను ఇలాగే చెప్పుకుంటారు, మంచాన పడ్డ ముసలి మేనత్తకు ఈ పూట ఎలా ఉందో చెప్పుకున్నట్టు. దేశం మొత్తం మీద ఆ వారం ఎక్కువగా అమ్ముడైన, ఎక్కువమంది విన్న రెండు వందల ఆల్బమ్‌ల వరసలో 'లామార్ వీధి వాన' ఎక్కడుందో చెప్పే అంకె అది. ఆల్బమ్ 1969లో వచ్చింది. పాడిన వెండెల్ క్రచర్ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆల్బమ్ మాత్రం ఆ వరసలోంచి జారిపోతుంది, మళ్లీ వస్తుంది. శనివారాలు ఇల్లు కడుగుతూ తల్లి వేసుకున్న పాటల్ని, పెళ్లయి వెళ్లిన కూతురు తన ఇల్లు కడుగుతూ వేసుకుంటుంది. అలా యాభై ఏళ్లు గడిచాయి.

వెర్లీన్ షాపుకు ఆ ఆల్బమ్‌తో చుట్టరికం ఉంది. రికార్డింగ్ జరిగింది పక్క గోడ అవతలి స్టూడియోలోనే. ఒక మధ్యాహ్నం అక్కడి నుంచి ఒకాయన తల లోపలికి పెట్టి, చప్పట్లు కొట్టడానికి ఇద్దరు కావాలన్నాడు. అప్పటికి వెర్లీన్ తన చెల్లెలు లూడెల్ జుట్టు సాపు చేస్తోంది, సగమే అయింది. తలలో ఒక పక్క జుట్టు పట్టులా జారుతోంది, రెండో పక్క పొదలా లేచి ఉంది. లూడెల్ అలాగే పరుగెత్తింది, వెనకే వెర్లీన్. చివరి పాట చివరి పదం దగ్గర వెండెల్ కళ్లు తెరిచి ఆ తలను చూశాడు, ఆయన కనుబొమలు పైకి వెళ్లాయి. లూడెల్ ఫక్కున నవ్వేసింది. లోతుగా మొదలై మెట్లెక్కినట్టు పైకి పోయే నవ్వు. టేపు పాడయిందని అందరూ కొయ్యబారిపోయారు.

"తీయొద్దు," అన్నాడు వెండెల్. "ఈ పాటకి అదే ఆమెన్."

అక్కచెల్లెళ్లకు చెరొక చేప శాండ్‌విచ్ ఇచ్చి పంపారు. ఆల్బమ్ అట్ట మీద పేర్లు వేయలేదు.

లూడెల్ 1983లో మూత్రపిండాల జబ్బుతో పోయింది. ఫొటోలున్నాయి. గొంతు మాత్రం ఆ నవ్వొక్కటే. అందుకే ప్రతి శనివారం షాపులో ఆల్బమ్ రెండో వైపు పాటలు వేస్తారు. చివరి పాట చివరికి రాగానే వెర్లీన్ దువ్వెన పైకెత్తుతుంది, షాపంతా లూడెల్‌తో కలిసి నవ్వుతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ల కింద తలలు పెట్టి కూర్చున్నవాళ్లకు ఆ హోరులో పాట వినపడదు. వాళ్లు దువ్వెన చూసి నవ్వుతారు.

ఆగస్టులో ఒక శనివారం క్లియోథా వీధిలోంచే అరుచుకుంటూ వచ్చింది. "ముప్పై ఎనిమిది! ముప్పై ఎనిమిదే తల్లీ!"

యాభై ఏళ్ల సందర్భంగా రికార్డు కంపెనీవాళ్లు ఆల్బమ్‌ను కొత్తగా తీర్చిదిద్ది విడుదల చేశారు. షాపులో పనిచేసే షనీస్ వెంటనే దాన్ని ఫోన్‌లో పెట్టింది. వెండెల్ గొంతు కడిగిన గాజులా వచ్చింది. చివరి పాట అయింది. వెర్లీన్ దువ్వెన ఎత్తింది. డ్రయ్యర్ల కిందున్న నలుగురూ పగలబడి నవ్వారు. మిగతావాళ్లెవరూ నవ్వలేదు.

"మళ్లీ పెట్టు," అంది వెర్లీన్. దువ్వెన ఇంకా గాల్లోనే ఉంది.

మళ్లీ పెట్టినా అంతే. నవ్వుండాల్సిన చోట ఏమీ లేదు.

"పాతదే పెట్టమ్మాయ్."

"పాతది తీసేశారు మిస్ వెర్లీన్. ఎక్కడ వెతికినా ఇదే వస్తోంది."

వెర్లీన్ దగ్గరున్న రికార్డు ఎప్పుడో పోయింది. దువ్వెనలు కాగే పొయ్యి పక్కన ఆనించి మరిచిపోతే వేగిన అప్పడంలా వంకర తిరిగింది. ఫోన్‌లో ఉందిగా అని ఇంకోటి కొనలేదు.

సోమవారం షాపుకు సెలవు. కంపెనీకి ఫోన్ చేసింది. ఎవరో కుర్రాడు, మర్యాదస్తుడే. "అది పక్కనుంచి వచ్చిన శబ్దం మేడమ్. శుభ్రం చేశాం."

"ఆ శబ్దానికి పేరుంది నాయనా. లూడెల్ టబ్స్."

"కానీ చూడండి, ముప్పై ఎనిమిదికి ఎక్కింది. జనానికి నచ్చింది."

"ఎక్కితే ఎక్కింది. ఆ ముప్పై ఎనిమిదిలో మా చెల్లెలు లేదు."

పైవాళ్లకు చెబుతానన్నాడు. ఆ పైవాళ్ల నుంచి కబురు రాలేదు.

నవ్వు పోయిన సంగతి షాపులోంచి చర్చికి, చర్చిలోంచి పేటకు పాకింది. తర్వాతి శనివారాల్లో ఆడవాళ్లు అటకల మీది పాత రికార్డులు దించి తెచ్చారు. వెర్లీన్ వెనక గదిలోని గ్రామఫోన్ బయటికి తీసి దుమ్ము దులిపింది. క్లియోథా రికార్డులో పాటలన్నీ బాగానే పలికాయి. చివరికి వచ్చేసరికి బుస్సుమంది, నవ్వు లేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే.

"ఇదేం శాపం?" అంది షనీస్.

"శాపం కాదు," అంది క్లియోథా, కొంచెం సిగ్గుపడుతూ. "ఆ నవ్వు కోసం ముల్లు వెనక్కి పెట్టుకుని పెట్టుకుని విన్నాం కదే. అరగదీసేశాం."

మరో మూడు వారాలు గడిచాయి. ఆల్బమ్ వరసలో మళ్లీ కిందికి జారుతూనే ఉంది. అప్పుడొచ్చింది సిస్టర్ ఎస్టెలిన్ రకర్, చర్చి పెద్ద రకర్ గారి భార్య. భక్తిపాట తప్ప ఇంకే పాటా తన గడప తొక్కలేదని ఊరంతా చాటిన మనిషి. సంకలో దిండు గలీబులో చుట్టిన పలకలాంటిదేదో ఉంది.

"మా పిన్నిది," అంది ఎవరూ అడక్కుండానే.

"మీ పిన్ని చెవిటిది కదూ, సిస్టర్ రకర్?" అంది క్లియోథా.

"నోర్మూసుకుని వినవే."

"యాభై ఏళ్లు మంచం కింద దాచావా? దేవుడికి తెలుసా ఈ సంగతి?"

"దేవుడికి తెలుసు. రకర్ గారికే తెలీదు. ఆయన ఊళ్లో లేనప్పుడు ఒకట్రెండు సార్లు పెట్టానంతే, అదీ గొంతు తగ్గించి."

షాపు గొల్లుమంది. వెర్లీన్ నవ్వలేదు. రికార్డును అంచులు పట్టుకుని తీసింది. మీద గీత కూడా లేదు. రెండో వైపు తిప్పి, ముల్లు దించి, గ్రామఫోన్ పక్కనే నిలబడింది. పాటలు ఒక్కొక్కటే అయిపోయాయి. చివరి పాట చివరి పదం వచ్చింది.

వెర్లీన్ దువ్వెన ఎత్తడం మరిచిపోయింది. అది ఎత్తకపోయేసరికి డ్రయ్యర్ల కింద ఎవరూ నవ్వలేదు. వాళ్లను చూసి మిగతావాళ్లూ ఊరుకున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ షాపులో లూడెల్ ఒక్కతే నవ్వింది, లోతుగా మొదలై మెట్టు మెట్టుగా పైకి. చివర్లో చిన్నగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. అది అక్కడుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, వెర్లీన్‌కు కూడా.

ముల్లు గీతల చివరికి వెళ్లి టక్కు టక్కుమంటోంది. షనీస్ దాన్ని వెనక్కి పెట్టబోయింది.

"వద్దు. వారానికి ఒక్కసారే," అంది వెర్లీన్. రికార్డును గలీబులో పెట్టి, పొయ్యికి దూరంగా, అవతలి గోడ అలమరలో నిలబెట్టింది. తర్వాత క్లియోథా వైపు తిరిగింది. "ఇవాళ అంకె చెప్పలేదేం?"

"నూట డెబ్బై ఒకటి. మళ్లీ మంచమెక్కింది."