నీలం తోలు పుస్తకంలో వేపాకులు

పదకొండేళ్ల కిందట నేను నోరు విప్పి ఉంటే మేరమ్మ పిన్ని పని పోయేది కాదు. నేను విప్పలేదు. ఆ సంగతీ, దాని వెంట మా ఇంట్లో జరిగిన సంగతీ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, దయ్యాలూ మహిమలూ నేనెప్పుడూ నమ్మలేదు. ఆదివారం చర్చికి వెళ్తాను, అంతే. ఈ అనుభవం తర్వాత కూడా దీన్ని ఏ పేరుతో పిలవాలో నాకు తెలియదు.

అప్పట్లో పోర్టు పక్కనున్న వన్ టౌన్‌లోని ఒక పాత చర్చి ఆఫీసులో గుమస్తాగా చేసేవాణ్ని. పక్కనే చదువుగది ఉండేది. ఒకప్పుడు ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఫాదర్లు వదిలివెళ్లిన పుస్తకాలు అక్కడి అద్దాల బీరువాలో ఉండేవి. వాటిని చూసుకునే ఆవిడ మేరమ్మ. మాకు చుట్టం కాదు, అందరం పిన్ని అనేవాళ్లం. బీరువా తాళం ఆవిడ కొంగుకే ఉండేది.

ఆ పుస్తకాల్లో ఒక నవల ఉంది. నీలం తోలు అట్ట. దాని మీద ఆకుపచ్చ, తెలుపు, బూడిద రంగు తోలు ముక్కలు సన్నగా కోసి పొదిగి అలలు చేశారు. అలల పైన బంగారు రేకుతో అద్దిన ఒక పక్షి. అట్ట లోపలి వైపు పట్టుగుడ్డ. పుస్తకం నిండా రంగు బొమ్మలు, ఒక్కో బొమ్మ మీద పల్చటి పొర కాగితం.

ఫ్రెంచి మాకెవరికీ రాదు. ఆ మాటే ఒకసారి అంటే పిన్ని నవ్వింది. "బాసతో మనకేటి పని బాబూ? బొమ్మలు తెలుగే కదేటి?"

ప్రతి బొమ్మలోనూ ఒకే మనిషి, చేతిలో విప్పని ఉత్తరం. సంతలో, ఓడ మీద, మంచులో, ఎక్కడున్నా ఆ ఉత్తరం చేతిలోనే. ఆఖరి బొమ్మలో మాత్రం అతని చేతులు ఖాళీగా ఉంటాయి.

"ఆడు ఎవులికో ఇయ్యాల. ఇయ్యలేక తిరుగుతన్నాడు. సివర్ని ఇచ్చేసాడు, అందికే మొకం అలగ తేటగుంది," అనేది పిన్ని.

వానలు వెళ్లాక ఆవిడ పుస్తకాలన్నీ వరండా నీడలో విప్పి గాలికి పెట్టేది. పురుగు పట్టకుండా బొమ్మల దగ్గర ఎండు వేపాకు పెట్టేది. ఆకు తొడిమకు తెల్లదారం ముడి వేసి, కొస బయటికి వదిలేది. దారం లాగితే ఆకు వచ్చేస్తుంది, బొమ్మకు వేలు తగలదు. అలా దారం కట్టేవాళ్లను నేను మరెక్కడా చూడలేదు.

ఒక శనివారం పిన్ని నాకు తాళం ఇచ్చి, బీరువా మూసేయమని చెప్పి పెందలాడే ఇంటికి వెళ్లింది. మా ఆవిడ రోజా అప్పుడు నెలలు నిండి మంచం మీద ఉంది. పొద్దుపోక ఏడుస్తోంది. బొమ్మలు చూపించి సోమవారం తెచ్చేద్దామనుకుని ఆ పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకెళ్లాను. రిజిస్టరులో రాయలేదు.

ఆదివారం సాయంత్రం రోజాకు నొప్పులు వచ్చాయి. ఆ రాత్రే పాప పుట్టింది. సోమవారం ఆస్పత్రి నుంచి నేరుగా చర్చికి, ఖాళీ చేతులతో వెళ్లాను. ఆరోజే పుదుచ్చేరి నుంచి ఒక పెద్దాయన పాత పుస్తకాల అట్టల పనితనం చూడటానికి వచ్చాడు. అలాంటి అట్టతో ఈ నవల దొరకడం చాలా అరుదట. నేను తిరిగిచ్చిన తాళంతో పిన్ని బీరువా తీస్తే పుస్తకం లేదు.

తాళం ఎవరి దగ్గర ఉంటుందని సంఘ పెద్దలు అడిగారు. నా దగ్గరేనంది పిన్ని. ఆవిడ సంచి వెతకమని నాకే చెప్పారు. చర్చి ముందు, అందరూ చూస్తుండగా ఆ సంచిని నేనే దులిపాను. టిఫిన్ డబ్బా, జపమాల, నాలుగు వేపాకులు, ఒక తెల్లదారం రీలు పడ్డాయి. రీలు దొర్లిపోతే నేనే ఏరి ఇచ్చాను. పిన్ని నా మొహం చూసింది. రీలు సంచిలో వేసుకుంది.

ఆవిణ్ని పనిలోంచి తీసేశారు. రేపు చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూ నేను ఊరుకున్నాను. కొన్నాళ్లకు పోర్టులో పని దొరికి, ఊరికి దూరంగా దువ్వాడలో ఇల్లు తీసుకున్నాం. పుస్తకాన్ని ఇనుప బీరువా లాకరులో పెట్టాను. తాళం నా జేబులోనే.

మరుసటి ఏడు వానలయ్యాక, తోలుకు బూజు పట్టి ఉంటుందని పుస్తకం బయటికి తీశాను. మొదటి బొమ్మ దగ్గర వేపాకు ఉంది. తొడిమకు తెల్లదారం ముడి. దాని మీద సన్నటి నల్లపొడి. వన్ టౌన్‌లో కిటికీ ఊచల మీద పడే పోర్టు బొగ్గుపొడి అది, దువ్వాడలో మా ఇంట్లో ఉండదు.

పాత ఆకేమో అనుకున్నాను. కానీ రోజాకు చూపించినప్పుడు ప్రతి పేజీ నేనే తిప్పాను. పిన్ని పాతవి తీసేసి కొత్తవి ఇంకా పెట్టలేదు, అప్పుడు ఒక్క ఆకూ లేదు.

ఆ పై ఏడు రెండో బొమ్మ దగ్గర ఇంకో ఆకు కనబడింది. రోజాను అనుమానించాను. "నాకు ఏరే పనీ పాటా నేదేటి? నీ లాకరు, నీ తాళం!" అని కసిరింది. లాకరు తాళం మార్పించాను. మూడో ఆకు వచ్చింది. ఒక ఏడు పంతం పట్టి అసలు తెరవలేదు. తర్వాతి ఏడు చూస్తే కొత్తవి రెండున్నాయి, రెండు బొమ్మల దగ్గర.

ఎప్పుడూ అడుగుల చప్పుడు వినలేదు. నీడలు చూడలేదు. ఎవరికీ ఏ కీడూ జరగలేదు. ఏడాదికి ఒక ఆకు, ఒక బొమ్మ ముందుకు. అంతే.

ఈ ఏడు ఆకు చివరి బొమ్మకు ముందున్న బొమ్మ దగ్గర ఉంది. ఇక మిగిలింది ఖాళీ చేతుల బొమ్మ ఒక్కటే. తర్వాత పుస్తకాన్ని అదే తువ్వాలులో చుట్టుకుని వన్ టౌన్ బస్సెక్కాను.

పిన్ని గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. పుస్తకం ఒళ్లో పెట్టాను. చేతులు తుడుచుకుని విప్పింది. దారాలు చూసి ఆగిపోయింది.

"ఇయ్యి నావి," అంది. "వానలెల్లాక ఏడాదికో ఆకు ఈ పుస్తకం పేరు సెప్పుకొని నా బైబిల్లో పెడతన్నాను. మర్నాడు సూత్తే ఉండదు. మనవలు తీసేత్తన్నారనుకున్నాను. నీకాడికెలగొచ్చాయి బాబూ?"

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు.

తాళం నాకిచ్చానని ఆరోజు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పురిటి మంచం మీద పెళ్లాం, కొత్తగా పుట్టిన గుంట. నీ పని పోతే ఏటి తింతారు? నువ్వే తెచ్చిత్తావని సూసాను. శానా ఆలీసం సేసావు, నాయినా."

కాళ్లకు దండం పెట్టబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "నాకొక్కదానికి సెప్తే సరా? నా సంచి దులిపింది నలుగురి ముందర కాదేటి?"

ఆదివారం పూజ అయ్యాక, అదే చర్చి ముందు, ఆనాటి పెద్దల్లో మిగిలినవాళ్లు చూస్తుండగా నిలబడ్డాను. పిన్ని మెట్ల మీద కూర్చుంది. పుస్తకం నా రెండు చేతుల్లో ఉంది. దాన్ని ఫాదర్‌కి ఇచ్చేసి ఖాళీ చేతులతో ఆవిడ వైపు తిరిగాను.

"ఈ పుస్తకం తీసింది నాను. మేరమ్మ పిన్ని కాదు. తెలిసి తెలిసి ఆవిడ సంచి దులిపింది కూడా నానే. పిన్నీ, నన్ను క్షమించు."