బీడీల చాట మీద సర్వే పరీక్ష

1979 జూన్‌లో నన్ను కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి తాలూకా కచేరికి బదిలీ చేశారు. హోదా చైన్‌మన్. సర్వేయర్ భూమి కొలిచేటప్పుడు ఇనుప గొలుసు ఒక కొస పట్టుకునేవాడు చైన్‌మన్. సర్వే శాఖలో అంతకంటే కింద మెట్టు లేదు. గొలుసు పొడవు ముప్పైమూడు అడుగులు. అందులో పదహారు భాగాలు, ఒక్కోదాన్ని ఆణా అనేవాళ్లం. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు ఉన్న నేల గుంట. నలభై గుంటలు ఎకరం. నాలుగో తరగతితో బడి మానిన నాకు ఇదంతా ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పదేళ్లు గొలుసు ఈడ్చితే అదే వచ్చింది.

ఆ ఏడు కోతలయ్యాక లింగంపేట దగ్గర ఒక వంకర మడి కొలిచాం. అటువంటి మడిని త్రికోణాలుగా విడగొట్టి, ఒక్కోదాన్ని లెక్కగట్టి కలపడం పద్ధతి. సర్వేయర్ మొత్తం విస్తీర్ణం చెప్పగానే, తూర్పు మూల త్రికోణం కలపడం మరిచిపోయాడని నాకు తెలిసిపోయింది. ఆ మాటే మెల్లగా చెవిన వేశాను. ఆయన మాత్రం పదిమంది రైతులకూ వినబడేలా జవాబిచ్చాడు.

"గొలుసు వట్టెటోనికి గుంటల ముచ్చటెందుకోయ్? నీ కొస నువ్వు వట్టుకో, సాలు."

రైతులు నవ్వారు. మరునాడు ఆయనే, ఎవరికీ చెప్పకుండా, ఆ త్రికోణం కలిపి కాగితం దిద్దుకున్నాడు. తప్పు ఆయనది, నవ్వులపాలైంది నేను. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇది రాస్తుంటే నా చెవులు వేడెక్కుతున్నాయి.

పదేళ్లు నిండిన చైన్‌మన్, శాఖ పెట్టే రాత పరీక్షలో నెగ్గితే సర్వేయర్ కావచ్చని మాకు అప్పట్లో ఒక ఉత్తర్వు ఉండేది. దాన్ని ఎవరూ వాడుకున్నట్టు నేను వినలేదు. ఆ వారమే లెక్కల పుస్తకం కొన్నాను. కోపం మీద మూడు వారాలు చదివాను. నాలుగో వారం కోపం చల్లారింది, పుస్తకం గూట్లోకి పోయింది. ఎండలో తిరిగి వచ్చానని ఒకనాడు, చుట్టాలొచ్చారని ఒకనాడు, ఏ కారణమూ లేక మరొకనాడు. నా మీద నాకే మంట.

నా భార్య లచ్చవ్వ బీడీలు చుట్టేది. పొద్దున వంట కాగానే ఆకు, తంబాకు, దారం ఉన్న చాటను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి అయ్యేదాకా లేచేది కాదు. సర్వేయర్‌గిరి ఏమైందని ఒక సెలవునాడు అడిగింది. మనసు రావడం లేదన్నాను. ఆమె తల ఎత్తలేదు.

"నాకు రోజూ మనసొచ్చి చుడుతున్ననా ఈ బీడీలు? చాట ఒళ్లె వెట్టుకుంటె చేతులే పోతయ్. నువ్వు గూడ ఒకటి వెట్టుకో."

అని, అటక మీది పాత చాట దించి నా ముందు పడేసింది. సర్కారు నౌకరు చాట పట్టుకుని కూర్చోవడమా అని రోషమొచ్చింది. అయినా పెట్టుకున్నాను. నియమం కూడా ఆమెదే. పొద్దున గంట, సాయంత్రం గంట చాట ఒళ్లో ఉండాలి. ఎన్ని లెక్కలయ్యాయని ఆమె అడగదు, ఎందుకు లేచావని మాత్రం అడుగుతుంది. మొదటి వారం ఊరికే కూర్చున్నాను. రెండో వారం విసుగు భరించలేక ఒక లెక్క చేశాను. త్రికోణం విస్తీర్ణానికి పొడవును ఎత్తుతో హెచ్చవేసి సగం ఎందుకు తీస్తారో పుస్తకం చదివితే తలకెక్కలేదు. ఆమె కత్తిరించిన నలుచదరపు ఆకును మూల నుంచి మూలకు చీల్చి, ఒక ముక్క మీద మరొకటి పెట్టి చూస్తే నిమిషంలో తెలిసింది. ఆ రోజు ఎంత సంబరపడ్డానంటే, ఆమె చుట్టాల్సిన ఆకులు ఇరవై చీల్చి తిట్లు తిన్నాను.

పక్కింటి రాజవ్వ తడక మీదుగా చూసి, "లచ్చవ్వా, మీ ఆయన గూడ బీడీలు మొదలువెట్టిండా?" అని అడిగింది.

"అవ్‌నే. ఈయన బీడీలకు పొగ రాదు, గందుకే ఎవ్వడు కొంటలేడు," అంది మా ఆవిడ.

మరుసటి ఏడు కామారెడ్డిలో ఒక బడిలో పరీక్ష పెట్టారు. ఆ రోజు పని పోగొట్టుకోవడం ఇష్టం లేక లచ్చవ్వ తన చాటతో సహా బస్సెక్కి వచ్చి, బడి వరండాలో కూర్చుంది. నేను లోపల బెంచీ మీద కూర్చున్నాను. ప్రశ్నలన్నీ తెలిసినవే. చేయి మాత్రం కదలలేదు. అరగంట గడిచింది, కాగితం మీద నా నంబరు తప్ప ఏమీ లేదు. ఏడాది శ్రమ బెంచీ పాలవుతోంది. చివరికి లేచి, కింద కూర్చుని రాస్తానని పర్యవేక్షణ అధికారిని అడిగాను.

"ఎందుకయ్యా, బెంచీ ఉండంగ?"

"చాట మీద సదివిన సార్. బెంచీ మీద చేతులు నడుస్తలేవు."

ఆయన నన్ను చూశాడు, కిటికీలోంచి వరండా చూశాడు, మనిషిని పంపి లచ్చవ్వ చాట తెప్పించాడు. చీటీలేమైనా ఉన్నాయేమోనని స్వయంగా బోర్లించి తట్టాడు. తంబాకు పొడి లేచి ఆయనకు ఏడెనిమిది తుమ్ములు వచ్చాయి. పరీక్ష రాసేవాళ్లంతా పగలబడి నవ్వారు, కళ్లు తుడుచుకుంటూ ఆయనా నవ్వాడు. నేను గోడకు ఆనుకుని చాట ఒళ్లో పెట్టుకున్నాను. మిగిలిన గంటన్నరలో తల ఎత్తలేదు. బయట లచ్చవ్వ కొంగు పరుచుకుని చుట్టింది. ఆ రోజు ఆమెకు వంద బీడీలు తక్కువ పడ్డాయి.

రెండు నెలలకు ఫలితాల కాగితం కచేరికి వచ్చింది. దాన్ని చదివింది ఆ సర్వేయరే. చదివి, కాసేపు కాగితం మడతపెట్టి విప్పి, "బాలయ్యగారూ, కూసోండ్రి," అన్నాడు. కూర్చున్నాను. ఆ కుర్చీ అంతకుముందు కూడా ఖాళీగానే ఉండేది.

ఆ తర్వాత పద్దెనిమిదేళ్లు సర్వేయర్‌గా చేసి, 1998లో దిగిపోయాను. మూడ్ లేదని, మోటివేషన్ కావాలని ఇప్పటి వాళ్లు అంటుంటే నాకు ఒళ్లు మండుతుంది. కోపం నాతో పుస్తకం కొనిపించింది, అంతవరకే దాని పని. ఉత్సాహం కొన్నిసార్లు కూర్చున్నాక వచ్చింది, చాలాసార్లు రాలేదు. రాని రోజు చేసిన లెక్కలకు కూడా పరీక్షలో మార్కులు వేశారు.