కూర్మయ్య నడక

మనిషి దగ్గర నడక నేర్చుకున్న యంత్రం ఎవరినో తొక్కుకుంటూ పోతే, ఆ పాపం ఎవరికి అంటుతుంది? ఎంతకీ తెగని ప్రశ్న.

పడుచుతనంలో శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి, ఖిద్దర్‌పూర్ ఓడరేవు డాకులో బస్తాలు మోస్తూ ముసలివాడైన కూర్మయ్యకు సాల్ట్ లేక్‌లో ఒక కంపెనీవాళ్ళు చిత్రమైన పని ఇచ్చారు. ఒంటికి బిగుతైన నల్లచొక్కా, దాని నిండా తీగలు. అది తొడుక్కుని బరువెత్తుకు నడవాలి, మెట్లెక్కాలి, ఊగే బల్ల మీద తూలకుండా దిగాలి. ఆ నడకంతా కంప్యూటర్లోకి ఎక్కి, పక్కగదిలో నిలబడ్డ ఇనుప మనిషికి వస్తుంది. రేపు డాకులో బస్తాలు మోసేది అదే కాబోలు, పోనీలే, ఇంకొకడి నడుము విరక్కుండా ఉంటుంది అనుకున్నాడు.

ఒకనాడు నిలువెత్తు గుడ్డబొమ్మను దారికడ్డంగా పడుకోబెట్టి, దాటుకుంటూ పొమ్మన్నాడు విశాల్. ఆ పని చూసే హైదరాబాదు ఇంజనీరతను. కూర్మయ్య దాటాడు. దాటినవాడు చటుక్కున వెనక్కి తిరిగి, మళ్ళీ ఇటు దాటి, పక్కనుంచి చుట్టు తిరిగి వెళ్ళాడు. మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ అంతే. పడుకున్న మనిషిని దాటడం కీడు, దాటినవాడు తిరిగి దాటితేనే ఆ కీడు పోతుంది. చిన్ననాడే అలవాటుపడిన కాలు, బొమ్మేనని చెబితే వింటుందా? దాదా నాట్యం మొదలెట్టాడని బెంగాలీవాళ్ళు నవ్వుకున్నారు.

విశాల్ నవ్వలేదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, ఇవి తుపాకీ పట్టుకుని సరిహద్దుకు పోయే యంత్రాలనీ, పడినవాళ్ళ దగ్గర ఆగితే పని చెడుతుందనీ అప్పుడు చెప్పాడు. ముసలాయన ముఖం మారడం చూసి గొంతు తగ్గించాడు.

"మీ యోగేశ్ యాడున్నడు దాదా?"

"మంచుకొండల మీద బాబూ. బోర్డర్లో."

"ఇవి పోతే ఆయన పోవుడు ఉండదు. ఇనుము పోతది, మీ పిల్లగాడు ఇంటికొస్తడు. గంతే."

ఒక్కగానొక్క కొడుకు. వాడి ఫోను రాకపోతే ఇంట్లో భార్య మహాలక్ష్మమ్మకు ముద్ద దిగదు. కూర్మయ్య లేచాడు. బొమ్మను దాటాడు. వెనక్కి లాగే కాలిని పళ్ళు బిగించి ఆపుకుని, అలాగే ముందుకు పోయాడు.

కొన్నాళ్ళకు పెద్దపెద్దవాళ్ళు చూడ్డానికి వచ్చారు. అద్దం అవతల ఇనుప మనిషి అచ్చం కూర్మయ్యలాగే ఎడమభుజం కాస్త దించి, మోకాళ్ళు సడలించి నడిచింది. బస్తా ఉండాల్సిన చోట తుపాకీ. వరసగా పడుకోబెట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే దాటింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో విదేశీయులు కూడా ఉన్నారు.

"ఆలెవులమ్మా?" అని పక్కనున్న సమీరను అడిగాడు. విశాల్ దగ్గర పనిచేసే విజయవాడ అమ్మాయి.

"కొనడానికి వచ్చారు తాతగారూ. రెండు మూడు దేశాలవాళ్ళు."

"మనకి పడనోలు కూడా కొంటారేటి?"

వీళ్ళు కొని ఎవరికి అమ్ముకుంటారో ఎవరికీ తెలియదంది. సరిహద్దుకు అటువైపు ఇలాంటివి ఇప్పటికే దిగాయంటున్నారనీ, అందుకే అందరికీ ఈ తొందర అనీ చెప్పింది.

"మరి మావోడు ఇంటికొచ్చేత్తాడా?"

"వీటి వెనకాల మనుషులూ ఉండాలి కదండీ."

మంచులో పడి ఉన్న యోగేశ్ మీదుగా ఒక ఇనుపకాలు దాటిపోవడం కూర్మయ్య కళ్ళకు కట్టింది. ఆ అడుగు తనదే.

"నా నడక అందులోంచి తీసీగలవా అమ్మా?"

ఒకదాంట్లోంచి తీసినా లాభం లేదంది సమీర. ఆ నడక అప్పటికే అన్ని యంత్రాలకూ వెళ్ళిపోయింది.

ముసలాయనను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళకని లోపలికి పరిగెత్తింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి నల్లచొక్కా కుర్చీ మీద ఉంది. లిఫ్టు కిందికి పోతోంది.