పంపు షెడ్డులో దిండ్లు

ఆ వీధిలో ఆవిడను అందరూ పరుపులమ్మ అనేవారు. ఇంటి ముందు గదిలో దూది ఏకే యంత్రం, దాని పక్కన కుట్టుమిషను, ఆ రెంటి మధ్య ఆవిడ. తలలో ఏది నెరిసిన వెంట్రుకో ఏది దూదిపోగో చెప్పడం కష్టం. మనిషికి ఏ బాధ వచ్చినా, కింద ఇంకాస్త మెత్తగా ఉంటే సగం తగ్గుతుందని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం మీదే కొడుకును పెంచి పెద్దచేసింది.

కోడలిది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. కొండ మీది ట్యాంకు నుంచి ఊళ్లోకి దిగే పైపు వెంబడి తిరిగి, ఎక్కడ కారుతోందో చూసి రావాలి. రాళ్ల బాట కాబట్టి లావు టైర్ల మౌంటెన్ సైకిలు ఇచ్చారు. ఆ తిరుగుడంటే కోడలికి ప్రాణం. కాని ఇంటికొచ్చాక నిలబడే అన్నం తినేది.

"కూర్చోవే తల్లీ," అనేది అత్త.

"పొద్దుట్నించీ కూర్చునే ఉన్నాగా అత్తయ్యా!"

ఒక సాయంత్రం కోడలు మొగుడితో చెబుతూంటే పరుపులమ్మ చెవిన పడింది. "ఇక ఆ సీటు మీద కూర్చోవడం నావల్ల కాదు. బిల్లుల కౌంటర్లో ఖాళీ ఉందట. వచ్చే సోమవారంలోగా చెప్పమన్నారు." ఆ గొంతులో ఏడుపు లేదు. అదే ఆవిడకు నచ్చలేదు.

మర్నాడే సైకిలు సీటుకు దిండు కుట్టింది. రెండు రోజులాగి దానికన్నా లావుది. ఆ తర్వాత దానికన్నా లావుది.

"ఇంకోటి కుట్టావంటే అది సైకిలు కాదే అమ్మా, మంచం," అన్నాడు కొడుకు.

"నీకెందుకురా? ఎక్కేది నువ్వా?"

కోడలు మాత్రం ప్రతిసారీ "బాగుందత్తయ్యా" అనే చెప్పింది.

శుక్రవారం కోడలు టిఫిన్ డబ్బా మర్చిపోయి వెళ్లింది. పరుపులమ్మ ఆయాసపడుతూ కొండ మొదట్లో ఉన్న పంపు షెడ్డు దాకా వెళ్లింది. లోపల వాచ్‌మన్ కాళ్లు బారజాపుకుని పడుకున్నాడు. తల కింద ఒక దిండు, నడుం కింద ఒకటి, మోకాళ్ల కింద ఒకటి.

"మీ కోడలు రోజూ సీటు మీది దిండు ఇక్కడ విప్పేసి, పోయేటప్పుడు ఒకటి తగిలించుకు పోతుందమ్మా. పుణ్యాత్మురాలు! నా నడుం నొప్పి ఎటు పోయిందో!"

ఆవిడ మొహం మాడిపోయింది. డబ్బా అక్కడ పెట్టి, ఒక దిండు లాక్కుని ఇంటి దారి పట్టింది. నాలుగు మాటలు అనాలనే అనుకుంది. కాని దారి పొడుగునా చేతులు ఊరుకోక దిండును తడుముతూనే ఉన్నాయి. వాడిన దిండును పట్టుకుంటే ఎవరు ఏ పక్కకు తిరిగి పడుకుంటారో చెప్పగల చేతులవి. దూది సమంగా అణగలేదు. కూర్చోగానే బరువు పడిన చోటునుంచి జారి, మధ్యలో గట్టుకట్టి, ఒత్తుకోకూడని చోటే ఒత్తుకుంటోంది.

సాయంత్రం కోడలు తలొంచుకుని నిలబడింది. "మీరు అంత ఆశగా కుట్టి పెడితే వద్దని ఎలా చెప్పను?"

"నోటితో చెప్పాలి. సరే, ఇలా కూర్చో."

పీట మీద అట్టపెట్టె ముక్క పరిచి, సైకిలు మీద వంగినట్టే వంగి కూర్చోమంది. లేచాక అట్ట తడిమితే రెండు లొత్తలు తగిలాయి, కూర్చునే ఎముకలు దిగిన చోట్లు. వాటి చుట్టూ సుద్దతో సున్నాలు గీసి, అట్టను తీసుకెళ్లి సైకిలు సీటు మీద పెట్టింది. రెండు సున్నాలూ సీటు అంచులు దాటి బయటికి వేలాడాయి.

"నీ ఎముకలు సీటు మీదే లేవు కదే పిల్లా! గాల్లో ఉన్నాయి."

శనివారం ఇద్దరూ సైకిలు షాపుకు వెళ్లారు. షాపతను బొద్దుగా ఉన్న సీటొకటి తీసి వేలితో నొక్కి చూపించాడు. "ఇది తీసుకోండమ్మా, వెన్నలా ఉంటుంది."

"మెత్తనిది వద్దు," అంది పరుపులమ్మ. అన్నాక ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆవిడకే అనిపించింది. "ఈ అట్టకు సరిపడే వెడల్పుది చూపించు."

దొరికిన సీటు పీటలా గట్టిగా ఉంది. పాత సీటు ముక్కు పైకి లేచి ఉండటం కూడా తప్పేనంటూ షాపతను కొత్తదాన్ని సమంగా బిగించాడు. పరుపులమ్మ దాన్ని తట్టి చూసి పెదవి విరిచింది.

సోమవారం కోడలు ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, కుర్చీ లాక్కుని అన్నానికి కూర్చుంది.

"కౌంటరు పని సంగతి చెప్పావా?"

"వద్దన్నాను. రేపు ఎగువ వాల్వు దాకా వెళ్లాలి."

"సీటెలా ఉంది మరి?"

కోడలు ముద్ద మింగి ఆలోచించింది. "దాని ఊసే గుర్తు రాలేదత్తయ్యా."

పరుపులమ్మ కాస్త చిన్నబుచ్చుకుంది. తన పరుపు గురించి ఎవరూ ఎన్నడూ అలా అనలేదు. ఇంకొంచెం అన్నం వడ్డించి ముందు గదిలోకి వెళ్లింది. వాచ్‌మన్ దగ్గరినుంచి తెప్పించిన దిండ్లు విప్పి, ఆ దూదంతా మళ్లీ ఏకి, వాచ్‌మన్ నడుముకు సరిపడా ఒకే పెద్ద దిండు కుట్టింది. మర్నాడు కోడలు దాన్ని వీపుకు కట్టుకుని, గట్టి సీటు మీద కూర్చుని, పంపు షెడ్డు వైపు తొక్కుకుంటూ వెళ్లింది.