పసిగుడ్డు ఛాతీలో చేరిన గాలి

అప్పుడు నేను జగిత్యాలలో ఓ చిన్న దవాఖానలో కొత్తగా చేరిన డాక్టర్ని. అన్నలు, అంటే నక్సలైట్లు, బంద్ అంటే బస్సులు డిపో దాటని రోజులవి. అలాంటి ఓ బంద్ రోజు పొద్దున, ముందురోజే సిరిసిల్ల నుంచి వచ్చి చేరిన ఓ నేతపనివాని భార్యకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు కష్టమైంది. పాప ఏడవలేదు. ముఖానికి మాస్కు ఆనించి, బ్యాగు నొక్కి నేనే ఊపిరి ఊదాను. కాసేపటికి ఏడ్చింది.

గంట తిరక్కుండానే ఎగశ్వాస మొదలైంది. ఎక్స్‌రే తీసే మనిషి బంద్ వల్ల రాలేదు. కిటికీలకు దుప్పట్లు కట్టి గదిని చీకటి చేసి, పాప ఛాతీకి టార్చిలైటు ఆనించాను. కుడివైపు వెలుగు చిన్న చుట్టులా నిలిచింది. ఎడమవైపు మాత్రం ఎర్రగా పరుచుకుంది. అంటే ఆ పక్క ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి, దాన్ని నొక్కి ముడుస్తోంది. అది నేను ఊదిన గాలే కదా అనిపించింది.

కోరుట్లలో ఉన్న మా పెద్ద డాక్టరుకు ఫోన్ చేశాను.

"పాప రంగు మంచిగుందా?"

"ఉంది సార్."

"అయితే సూది ముట్టకు. ఆక్సిజన్ పెట్టి చూస్తుండమ్మా. కొంచెం గాలైతే దానంతటదే ఇంకిపోతది. నీలంగ మారినా, గుండె చప్పుడు కుడిపక్కకు జరిగినా నా ఫోన్ కోసం ఆగకు. ఎంబడే తియ్యి."

పాప అమ్మమ్మకు ఇది నచ్చలేదు. "గాలి చేరిందంటున్నవు, సూదితోని తీస్తే అయిపాయె గద బిడ్డా. ఎందుకు ఆగుడు?"

"సూది ఊపిరితిత్తికే తాకొచ్చమ్మా. గిట్లనే ఉంటే తియ్యకుండనే తగ్గుతది."

ఆమె స్టూలు జరుపుకొని పాప పక్కన కూర్చుంది. ఏళ్లతరబడి మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి; తెగే దారాన్ని తెగకముందే పట్టే చూపు ఆమెది. మధ్యాహ్నం నేను బాలింతను చూస్తుండగా పిలిచింది.

"బిడ్డా, జెర ఇటు రా. గీ ఎడమ పక్క లేస్తలేదు."

పరుగెత్తాను. పాప పెదవులు నీలం తిరిగాయి. ఎడమవైపు శ్వాస వినిపించడం లేదు. గుండె చప్పుడు రొమ్ము ఎముకకు కుడిపక్కన వినబడింది. నర్సు పాపను కదలకుండా పట్టుకుంది. ఛాతీ పైభాగాన రెండు పక్కటెముకల మధ్య, కిందిదాని పైఅంచును ఆనుకుని సూది దించాను. సిరంజిలోకి గాలి బుస్సున వచ్చింది. మళ్లీ తీశాను, మళ్లీ వచ్చింది. ముందు పాప నాలుక, తర్వాత పెదవులు ఎర్రబడ్డాయి.

కానీ తీసేకొద్దీ గాలి చేరుతూనే ఉంది. ఇక సూదితో కాదు, గొట్టం పెట్టాల్సిందే. అంత సన్నని గొట్టం మా దగ్గర లేదు. మళ్లీ ఫోన్ చేస్తే, తన దగ్గరున్నది తీసుకుని పెద్ద డాక్టరు స్కూటరు మీద బయలుదేరారు. ఆయన వచ్చేదాకా ఆ సూదితోనే గాలి లాగుతూ కూర్చున్నాను. దారిలో ఆయన్ను ముందు అన్నల మనుషులు ఆపారట, తర్వాత పోలీసులు. సంచిలో ఏముందని ఇద్దరూ అడిగారట. "పసిపిల్ల ఛాతిల పెట్టే గొట్టం" అంటే ఇద్దరూ వెంటనే దారి వదిలేశారట.

ఆయన వచ్చి గొట్టం పెట్టి, దాని రెండో కొసను సీసాలోని నీళ్లలో ముంచితే లోపలి గాలి బుడగలై లేచింది. పాప ఛాతీ రెండు పక్కలా సమంగా కదలడం చూశాక గానీ నేను కూర్చోలేదు. పుట్టగానే బ్యాగుతో నేనే ఊదిన సంగతి అప్పుడు ఆయనకు చెప్పాను.

"ఎవరూ ఊదకున్నా, మొదటి ఏడుపుకే గిట్లయిన పిల్లల్ని చూసిన," అన్నారాయన. "నువ్వు ఊదకపోతే గా ఏడుపే లేకుండె."

నాకు సగమే నెమ్మదించింది.

మూడోనాటికి బుడగలు ఆగాయి. ఇంకో రోజు చూసి గొట్టం తీసేశాం. ఇంటికి వెళ్లే రోజు, పాపను పొత్తిగుడ్డలో చుడుతూ అమ్మమ్మ నన్ను అడిగింది.

"గానాడు నీకు భయమైంది గద బిడ్డా?"

"అయిందమ్మా."

"నాకు సుత," అని నవ్వి, పాపను ఒకసారి నా చేతుల్లో పెట్టింది.