బాపమ్మ సావు కబురు

మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, ఏడాదికోపారి సావుకొచ్చేది. నవ్వకుండ్రి, నిజంగనే చెప్తున్న. పత్తి ఏరే రోజులొస్తె చాలు, పొద్దుగాల్ల వంకాయకూరతోని జొన్నరొట్టెలు తిని, మూతి తుడుసుకొని, మంచమెక్కి ముసుగు తన్నేది. "నా పని అయిపోయిందిరా కొడుకా! అవతలొడ్డుకు కబురు పంపు" అనేది.

మాది మంథని పక్కన పల్లె. గోదారి దాటితె ఆదిలాబాద్ జిల్లా. ఆ దిక్కు, చెన్నూరు పక్కకు, మా మేనత్తను ఇచ్చిండ్రు. వాళ్లకు పత్తి చేన్లు. మేనత్త అత్తగారు ఉన్నది సూడుండ్రి, పిల్లికి బిచ్చం పెట్టని మనిషి. బతుకమ్మకు పంపమంటె చేను కావలి అనేది, ఉగాదికి పంపమంటె మిరప అనేది. బిడ్డ పుట్టింట్ల బతుకమ్మ ఆడక ఏండ్లు గడిచినయ్. దేనికీ పంపనోళ్లు గూడ తల్లి సావుకు పంపకుండ ఉండరు గద. అందుకని మా బాపమ్మ సచ్చుడు మొదలువెట్టింది.

మొదటిపారి మేనత్త నిజమనుకొని ఏటి ఒడ్డు నుంచి ఉరుక్కుంట వచ్చి గుండెలు బాదుకున్నది. బాపమ్మ గలుమ దర్వాజ దిక్కు తొంగిచూసి, వెంబడి ఎవ్వరు లేరని తెలిసినంక, లేసి కూసున్నది. "ఏడ్వకు బిడ్డా. ముందు బువ్వ తిను."

"నీ పాడుగాను! గిట్ల గూడ చేస్తరానే అవ్వా?" అని మేనత్త తిట్టుడు వట్టింది. తిట్టుకుంటనే తిన్నది.

ఇగ నాలుగొద్దులు బిడ్డ తలకు ఆముదం వెట్టుడు, చిక్కులు తీసుడు. పొద్దెక్కినా లేపనిచ్చేది కాదు. "పండుకోనియ్యుండ్రి. అక్కడ కోడి కంటె ముందు లేస్తది" అని కోడలిని, అంటే నన్ను కన్న మా అవ్వను, కసిరేది. బాపు సిగ్గువడేటోడు. "అబద్ధం సావు మంచిది కాదే అవ్వా" అంటె, "అబద్ధమేందిరా? ఏనాడన్న సచ్చేదాన్నే గద. జర ముందుగాల చెప్తున్న, గంతే" అనేది.

మా తాత వయసుల ఉన్నప్పుడే పోయిండట. పసిపిల్లలను ఎంటేసుకొని, నాగలి ఒక్కటి పట్టలే గని మిగిలిన ఎవుసమంత ఆమెనే చేసింది. నిజాం రాజ్యం పోయింది, హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఆమె మాత్రం ఎప్పటిలెక్కనే చీకట్ల లేసి బర్రె పిండేది. గసొంటి మనిషి మంచం పట్టిందంటె ఊర్లె ఎవ్వరు నమ్మకపోయేది.

ఒక ఏడు వానకాలంల మంచాన పడ్డది. పత్తి ఏరే రోజులు గావు. రొట్టె ముంగట వెడితె మొఖం తిప్పుకున్నది. అప్పుడు నమ్మినం మేము.

"కబురు పంపుతనే" అన్నడు బాపు.

"వద్దురా. గోదారి నిండుగున్నది. పిల్ల పడవెక్కొద్దు" అన్నది.

బాపు ఇనలే. పడవోళ్లను బతిమాలి జీతగాన్ని పంపిండు. కని ఏడాదికోపారి సచ్చే ముసలిదాని కబురు ఎవరు నమ్ముతరు? అందుల ఏరు గట్ల పొర్లుతుంటె? మేనత్త తల్లిని కడసారి చూస్తదో లేదో అని మేమందరం పరేషాన్. పనులన్ని ఇడిసిపెట్టి గలుమ దిక్కే చూస్తున్నం.

మర్నాడు పొద్దుగూకంగ మేనత్త వచ్చింది. వెనకాల, తడిసిన చీరెతోని, కట్టె పట్టుకొని, ఆమె అత్తగారు! పెండ్లి అయినప్పటి నుంచి మా గడప తొక్కని మనిషి.

బాపమ్మ కండ్లు తెరిసి బిడ్డ చెయ్యి పట్టుకున్నది. వియ్యపురాలిని చూసి సిగ్గువడ్డది. "వదినా, ఈపారి నిజమే" అన్నది.

"ఎరుకే వదినా. పోయినపార్లది గూడ ఎరుకే. తల్లి సావుకు పోయిన పిల్ల బుగ్గలు నిండి, తలకు ఆముదంతోని వస్తదా?"

మా అవ్వ నోరు ఆగలే. "మరి ఎరుకుండి ఎందుకు పంపినవమ్మా?"

ఆ ముసలామె మంచం పట్టె మీద కూసున్నది. "మా అవ్వ సచ్చిననాడు నన్ను పంపలే. చేన్ల పత్తి రాలిపోతదన్నరు. నేను పోయేసరికి బూడిదే ఉన్నది. గందుకే, గా కబురు వస్తె నాకు కాదనబుద్ధి గాలే."

మరి పండుగలకు ఎందుకు పంపలేదని నాకు కోపం పొంగుకొచ్చింది. కని ఆ మొఖం చూసి అడగలే.

బాపమ్మ ఆమె తడి కొంగు తడిమింది. "చీరె మార్చుకో వదినా. ముందు బువ్వ తినుండ్రి" అన్నది. మల్ల మాట్లాడలే. తెల్లారేసరికి పోయింది.

మేనత్త శవం మీద పడి ఏడ్సింది. "ఇగ నేను ఎవరి సావుకని రావాలెనే అవ్వా!" ఆ మాటకు వాకిట్ల ఉన్న మొగోళ్లు గూడ కండ్లు తుడుసుకున్నరు.

అత్తగారు వంగి ఆమె భుజం పట్టి లేపింది. "ఏడ్వకు బిడ్డా. బతుకమ్మకు పంపుత. ఇగ ఎవ్వరు సావక్కర్లేదు" అన్నది.

ఏడాది మైల తీరినంక, పంపింది గూడ.